రాక్షస గుళ్లు: రెండు వందల ఏళ్ల తవ్వకాల్లో ఏం తేలింది?

తెలంగాణ రాతినేలల్లో చాలా పల్లెలకు కాస్త ఎడంగా, గుట్ట వాలులోనో చెరువుకు ఎగువనో, నాగలి దిగని పడావు జాగా ఒకటి ఉంటుంది. అక్కడ పెద్ద గుండురాళ్లు వలయంగా పాతి ఉంటాయి. వలయం నడుమ రాళ్లూ మొరమూ మట్టీ కలిసిన దిబ్బ నేలకంటే కొద్దిగా ఉబ్బి కనిపిస్తుంది. గోదావరి అడవుల్లో ఇలాంటి వాటిని రాక్షస గుళ్లంటారు, చిత్తూరు వైపు పాండవుల గుళ్లంటారు. ఆ బండలు మామూలు మనుషులు ఎత్తేవి కావు కనుక రాక్షసులో పాండవులో ఎత్తి ఉంటారని పల్లె అనుకుంది. తవ్విన చోట్ల మాత్రం దొరికినవి మామూలు మనుషుల ఎముకలే. వాటి పక్కన ఇనుప కొడవళ్లు, కుండలు, పూసలు. ఇవి సమాధులు. పండితులు వీటిని బృహత్ శిలా సమాధులంటారు. వీటిలో చాలావాటికి రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ల వయసుంది.

దక్షిణ భారతంలో ఇలాంటి సమాధిని తవ్వి, చూసింది అచ్చు వేయించిన తొలి మనిషి బాబింగ్టన్. మలబారు ప్రాంతపు 'పాండు కుళి'ల గురించి ఆయన రాసిన వ్యాసం 1823లో వెలువడింది. అప్పటినుంచి ఇప్పటిదాకా సైనికాధికారులు, వైద్యులు, రెవెన్యూ ఉద్యోగులు, పురావస్తు శాఖలు, విశ్వవిద్యాలయాలు ఈ దిబ్బలను తవ్వుతూనే ఉన్నారు. 1994లో పరిశోధకుడు యు.ఎస్. మూర్తి దక్షిణాది మొత్తం మీద లెక్కకట్టిన స్థలాలు 1,900కు పైన. ఇంత పని జరిగాక తేలిందేమిటి, ఇంకా తేలవలసిందేమిటి అన్నది ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెబుతాను. సమాధి లోపలి సామాను మనం బాగా చూశాం. సమాధి చుట్టూ ఉన్న ఊరిని దాదాపు చూడలేదు. ఈ రంగంలో వచ్చిన తప్పుడు సిద్ధాంతాల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది.

ముందు ఆ దిబ్బ కట్టుబడి ఎలాంటిదో చూద్దాం. వలయం అడ్డకొలత సాధారణంగా ఏడెనిమిది మీటర్లు, పెద్దవైతే ఇంకా ఎక్కువ. దిబ్బలోని రాళ్లగుట్టను తొలగిస్తూ పోతే మొరం పొరల కింద ఒక గొయ్యి, లేదా నాలుగు వైపులా పలకబండలు నిలబెట్టి కట్టిన రాతిపెట్టె బయటపడుతుంది. దాని అడుగున ఒక బండ, పైన మూతబండ. కొన్ని పెట్టెల్లో నాలుగు పలకలనూ ఒకదాని అంచు పక్కదాని అంచును దాటి వచ్చేలా నిలిపారు. పైనుంచి చూస్తే అది స్వస్తికలా ఉంటుంది. దాన్ని గుర్తుగా కాక పనితనంగా చూడాలని నా మనవి: చుట్టూ ఉన్న మట్టి ఒత్తిడికి పలక లోపలికి కూలకుండా పక్క పలక ఆపుతుంది. సున్నం లేదు, గచ్చు లేదు, ఆ లాకు వల్లే పెట్టె ఇన్ని శతాబ్దాలు నిలిచింది. చాలా పెట్టెల్లో ఒక పలకకు, ఎక్కువగా తూర్పు పలకకు, మనిషి దూరేంత గుండ్రటి రంధ్రం తొలిచి ఉంటుంది. ఒకసారి మూసేసిన గదికి దారి ఎందుకు? ఆ గదిని మళ్లీ మళ్లీ తెరిచేవారు. ఒకే పెట్టెలో పలువురి ఎముకలు కలిసి ఉండడం దీన్ని బలపరుస్తుంది. అంటే వీటిలో కొన్నిటిని ఒకరి గోరీగా కాక ఒక కుటుంబపు, ఒక వంశపు చోటుగా చూడాలి.

ఎముకలు కూడా పూర్తి అస్థిపంజరంగా దొరకడం తక్కువ. శవాన్ని ముందు వేరేచోట ఉంచి, మాంసం రాలిపోయాక ఏరిన కొన్ని ఎముకలనే ఇక్కడికి తెచ్చి పెట్టేవారు. పుర్రె, చేతి ఎముకలు, కాలి పొడవాటి ఎముకలు ఉంటాయి, మిగతావి ఉండవు. రాయలసీమలోనూ తమిళనాడులోనూ కాళ్లున్న మట్టి శవపేటికలు వాడారు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన పేటికను పొట్టేలు రూపంలో మలిచారు. ఆ కుమ్మరి పనితనం చూస్తే చావు పట్ల ఆ మనుషులకు భయం కంటే ఆపేక్షే ఎక్కువనిపిస్తుంది.

ఎముకల పక్కన పెట్టిన కుండల్లో ఎక్కువ భాగం లోపల నలుపు, బయట ఎరుపు, అంచు దగ్గర మళ్లీ నలుపు. ఆవంలో కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక నల్లబడుతుంది, గాలి తగిలిన వెలుపలి భాగం ఎర్రబడుతుంది. దక్షిణాదిలో ఈ కుండ పెంకు కనిపిస్తే అది సాధారణంగా ఇనుప యుగమో, దాని తర్వాతి తొలి చారిత్రక కాలమో అయి ఉంటుంది. గుండ్రటి అడుగున్న కుండలు నిలబడడానికి మట్టి కుదుళ్లు కూడా ఇదే సామానులో ఉన్నాయి. ఇక ఇనుము. గొడ్డలి, పార, కొడవలి, ఉలి, కత్తి, బల్లెం, బాణపు మొన, గుర్రపు కళ్లెం. వీటితోపాటు ఎర్రటి కార్నీలియన్ పూసలు, వాటి మీద తెల్లటి గీతలతో వేసిన సన్నటి నగిషీ.

పందొమ్మిదో శతాబ్దపు తవ్వకందార్లలో నేను ఎక్కువ గౌరవించేది మెడోస్ టేలర్‌ను. నిజాం కొలువులో పనిచేసి, 1840లలో, 50లలో సురపురం సంస్థానపు వ్యవహారాలు చూసిన ఆయన్ని పాఠకులు 'ఒక థగ్గు ఒప్పుకోళ్లు' నవలకర్తగానే గుర్తుపెట్టుకున్నారు. సురపురం, జేవర్గి పరిసరాల్లో ఆయన దిబ్బలను నిలువుగా కోసి, ఏ పొర కింద ఏముందో, ఎముక ఎటు తిరిగి ఉందో గీసి పెట్టాడు. ఆ రోజుల్లో సమాధి తవ్వడమంటే లోపలి వస్తువు లాగి దాచుకోవడమే. వందేళ్ల తర్వాత పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ ఆ కోత పటాలను చూసి, తన కాలానికి ఎంతో ముందున్న పని అని మెచ్చుకున్నాడు. పటం ఎంత నిజాయతీగా ఉందో వ్యాఖ్యానం అంత దూరం కొట్టుకుపోయింది. మొండాలు, విడిగా పుర్రెలు కనబడ్డాయి గనక నరబలి అన్నాడు టేలర్. ఇంగ్లండులోనూ ఇలాంటి దిబ్బలే ఉన్నాయి గనక రెండుచోట్లా కట్టినవాళ్లు శకుల సంతతి అయిన ఒకే జాతివాళ్లన్నాడు. ఎముకలను ఏరి పెట్టే ఆచారం ఆయన లెక్కలోకి రాలేదు. ఆయన పటం ఈనాటికీ పనికొస్తుంది, సిద్ధాంతం పనికిరాదు. రాసిపెట్టడంలో ఉన్న విలువ ఊహలో ఉండదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కనబడిన ప్రతి దిబ్బా సమాధి కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. బళ్లారి, రాయచూరు, మహబూబ్‌నగర్ ప్రాంతాల బూడిద దిబ్బలను రాక్షసులను కాల్చిన చోట్లని జనం చెప్పుకున్నారు, దహనవాటికలని కొందరు పండితులూ అనుకున్నారు. మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అవి నవీన శిలాయుగపు పశువుల దొడ్లు, ఆ బూడిద కాలిన పేడది.

హైదరాబాద్ రాజ్యంలో 1914లో గులాం యజ్దానీ నాయకత్వంలో పురావస్తు శాఖ ఏర్పడింది. ఆ దశాబ్దంలోనే హైదరాబాద్‌లో పనిచేసిన వైద్యుడు హంట్ భువనగిరి దగ్గరి రాయగిరిలో సమాధులను తవ్వాడు. రెవెన్యూ అధికారి వేక్‌ఫీల్డ్ గోదావరి పక్క అడవిలో జానంపేట రాక్షస గుళ్ల సంగతి రాశాడు. నగర శివార్లలోని మౌలాలి సమాధుల పేరు కూడా పండితలోకానికి తెలిసింది. మౌలాలి, హష్మత్‌పేట ఇప్పుడు ఇళ్ల మధ్య పేర్లు. ఆనాటి హైదరాబాద్ చుట్టూ సమాధుల గుంపులు ఎంత దట్టంగా ఉండేవో ఊహించుకోవడానికి పాత నివేదికలే మిగిలాయి.

కాలనిర్ణయం కథ 1947లో మలుపు తిరిగింది. ఆ ఏడాది వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో ఊరినీ సమాధులనూ కలిపి తవ్వాడు. అశోకుడి శాసనాలున్న చోటు అది. అక్కడ కింద రాతిగొడ్డళ్ల సంస్కృతి, దాని మీద బృహత్ శిలా సమాధుల సంస్కృతి, ఆపైన ఆయన 'ఆంధ్ర సంస్కృతి' అని పిలిచిన శాతవాహనుల నాటి పొర వరసగా కనిపించాయి. సమాధులను ఊరితో ముడిపెట్టి, పొరల సాక్ష్యంతో ఒక క్రమంలో నిలిపిన తొలి పని అదే. అయితే వీలర్ తేదీలు కట్టింది పైనుంచి కిందికి. అంతకు రెండేళ్ల ముందు పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రోమన్ సరుకుతో కలిసి దొరికిన కుండల ఆధారంగా పై పొరకు క్రీస్తు శకం మొదటి శతాబ్దం అని పెట్టి, అక్కడినుంచి వెనక్కి లెక్కవేశాడు. ఫలితం, బృహత్ శిలా సమాధులు క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. మొదటి శతాబ్దం మధ్యవరకు. దక్షిణాది చరిత్ర అంత ఆలస్యంగా మొదలైందన్న భావన ఆ తేదీతోనే బలపడింది. కర్ణాటకలోని హల్లూరులో 1960లలో జరిగిన తవ్వకాల బొగ్గుకు రేడియో కార్బన్ పరీక్ష చేస్తే ఇనుము క్రీ.పూ. 1000 ప్రాంతానికి వెళ్లింది. కొమరనహళ్లి తేదీలు అంతకంటే వెనక్కి పోయాయి. వీలర్ తేదీ అక్కడితో ముగిసింది.

ఇప్పుడు తేదీ ఇంకా వెనక్కి జరుగుతోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోనే ఉన్న బృహత్ శిలాయుగపు చోటును తవ్వించింది. అక్కడ ఇనుము ఉన్న పొరల్లోని కుండపెంకులకు క్రీ.పూ. 2000కు అటూ ఇటూ తేదీలు వస్తున్నాయని ఆచార్య కె.పి. రావు చెప్పారు. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో వెలువరించిన నివేదిక శివగళై ఇనుమును క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దికి తీసుకెళ్లింది. ఈ తేదీలను చూసి గర్వపడడం సహజమే, కానీ నేను ఇంకా ఆగుతాను. ఇలాంటి పరీక్షల్లో మట్టిలోని కణం చివరిసారి వెలుతురో వేడో ఎప్పుడు చూసిందన్నది ఒక లెక్క, ఆ కణం పక్కనున్న ఇనుప ముక్క అక్కడికి ఎప్పుడు చేరిందన్నది మరో లెక్క. సమాధిని తెరిచి మూసే అలవాటున్న జనం విషయంలో ఈ రెండూ ఒకటని అనుకోవడానికి లేదు. ఒకే చోట కాక పలుచోట్ల, పలు పద్ధతుల్లో ఇదే తేదీ వచ్చినప్పుడు ఒప్పుకోవచ్చు. క్రీ.పూ. 1200 నాటికి దక్కనులో ఇనుము వాడుక, సమాధులు కట్టడం రెండూ ఉన్నాయనడం మాత్రం ఈ రోజు గట్టిగా నిలబడే మాట.

'ఎవరు కట్టారు' అన్న ప్రశ్న మీద ఖర్చైనంత సిరా మరే ప్రశ్న మీదా ఖర్చు కాలేదు. శకులు, కెల్టులు అయ్యాక, 1950లలో మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్ ద్రావిడ భాషలవాళ్లే ఇనుముతోపాటు పడమటి నుంచి సముద్రం మీద వచ్చి ఈ సమాధులు కట్టారన్నాడు. గుర్రపు కళ్లేలను చూసి పరిశోధకుడు లెష్నిక్ అశ్వికులైన పశుపాలకులన్నాడు. ఈ సిద్ధాంతాలన్నిటిలో ఒకటే తీరు: కొత్త సమాధి కనబడితే కొత్త జనం దిగినట్లు లెక్క. ఇది నిలవదని ఎముకలే చెప్పాయి. భౌతిక మానవశాస్త్రజ్ఞుడు కెన్నెత్ కెనెడీ 1975లో దక్షిణ భారత, శ్రీలంక సమాధుల అస్థికలను పరిశీలించి, కట్టినవాళ్లందరిదీ ఒకే జాతి అనడానికి ఆధారం లేదని తేల్చాడు. సామాను కూడా అదే చెబుతుంది. నవీన శిలాయుగపు ఊళ్లలో పసిపిల్లలను కుండల్లో పెట్టి ఇంటి నేల కిందే పాతేవారు. చాలాచోట్ల అదే ఊరి మీద, తెంపు లేకుండా, ఇనుప యుగపు పొర మొదలవుతుంది. పంటలూ అంతే. నవీన శిలాయుగపు దక్కను రైతు పండించిన అండుకొర్రలు, ఉలవలు, పెసలు తర్వాత మాయమైపోలేదు. తమిళనాడు పైయంపల్లిలో ఉలవలు, పెసలు, కున్నత్తూరు సమాధుల్లో వరి పొట్టు దొరికాయి. అదే జనం కొత్త లోహం నేర్చారు, కొత్త కుండ కాల్చారు, చనిపోయినవాళ్లకు కొత్త చోటు కట్టారు. వలసలు ఉండి ఉండవచ్చు. కానీ ఈ దిబ్బలకు కారణం వలస అనడానికి సాక్ష్యం లేదు. నా తీర్పు అదే.

మరి ఆ జనం ఎలా బతికారు? సమాధి చోట్లు వందల్లో తవ్వి, వాళ్ల ఊళ్లను వేళ్ల మీద లెక్కబెట్టేన్ని తవ్వాం. ఊరు మట్టిలో, కర్రలో ఉంటుంది, సమాధి రాతిలో ఉంటుంది, కనబడేదాన్నే తవ్వాం. సమాధిలో కత్తి, బల్లెం చూసి యోధులన్నాం, కళ్లెం చూసి సంచారులన్నాం. సమాధిలో పెట్టేది మనిషి వాడిన సామానంతా కాదు, అతనికి వెంట ఉండాలని బంధువులు కోరుకున్నది. ఊరు తవ్విన చోట కథ వేరుగా ఉంది. విదర్భలో మహూర్‌ఝరి సమాధుల్లో గుర్రాలకు రాగి తొడుగులు దొరికితే, అదే ప్రాంతపు నైకుండ్ ఊళ్లో ఇనుము కరిగించిన కొలిమి బయటపడింది. అలాగే దక్కనులో సమాధుల గుంపులు చాలాచోట్ల చెరువుల దగ్గర కనిపిస్తాయి. ఆ చెరువులను వాళ్లే కట్టారని కొందరు రాశారు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన రెండింటికీ ఒకే వయసు రాదు; చెరువు కట్ట అడుగు పొరను కోసి తేదీ కట్టాలి. తెలంగాణకు చెరువే ప్రాణం. ఆ చెరువు వయసు తేల్చే పని సమాధి తవ్వకాల కంటే ముందు జరగాలి.

గోదావరి లోయ సంగతి వేరే. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవుల్లో దిబ్బల స్థానంలో నేల మీదే నిలిచిన రాతి గదులున్నాయి. మూడు నాలుగు పలకల మీద ఒక భారీ కప్పు బండ. జానంపేట, దామరవాయి, గలబ. ఈ గదుల లోపల కొన్నిచోట్ల ఒకే రాయిని తొలిచిన తొట్టెలుంటాయి. కొన్నిచోట్ల పక్కన నిలువెత్తు రాతి మూర్తులున్నాయి. తొట్టిగుట్ట, కాచనపల్లి దగ్గరివాటిలో కొన్నిటికి శిలువ ఆకారం ఉంది, చేతులు చాచినట్టు కొమ్ములు, తల స్థానంలో గుండ్రటి మొన. కొన్నింట్లో స్త్రీ రూపం స్పష్టంగా తెలుస్తుంది. శిలువ ఆకారం చూసి క్రైస్తవానికి ముడిపెట్టినవాళ్లున్నారు. మనిషిని సూచించే రాయికి చేతులు చెక్కితే వచ్చే రూపం అదే, మరో అర్థం వెతకనక్కర్లేదు. దక్షిణాదిలో మనిషి రూపపు బృహత్ శిలలు ఉన్నవి కొద్ది చోట్లే, వాటిలో ముఖ్యమైనది ఈ లోయ. అయినా ఇక్కడ జరిగిన శాస్త్రీయ తవ్వకం చాలా తక్కువ. ఒక కొండంతా పరుచుకున్న రాతి గదుల ఊరు మన రాష్ట్రంలో ఉందని మన పాఠ్యపుస్తకం చదివిన పిల్లలకు తెలియదు. ఇది నన్ను బాధపెడుతుంది.

ఈ లోయలో ఇంకొక సాక్ష్యం ఉంది, అది మట్టిలో కాక మనుషుల్లో ఉంది. చనిపోయినవాళ్ల కోసం రాయి నిలిపే ఆచారం కోయల్లో, ఇటు ఒడిశా సరిహద్దు గదబల్లో, బొండల్లో ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల్లో సలహాదారుగా పనిచేసిన హైమెండార్ఫ్ ఈ ఆచారాలను కళ్లారా చూసి రాశాడు. పైన ఆయన సిద్ధాంతాన్ని కాదన్నాను, కానీ ఈ వర్ణనలు అమూల్యమైనవి. ఎద్దును బలిచ్చి, ఊరంతా కలిసి బండను లాగి, విందు చేసి, రాయి నిలపడం. రాయిని కదిపేది కండబలం ఒక్కటే కాదని, విందుకూ బంధుత్వానికీ అందులో వాటా ఉందని అవి నేర్పుతాయి. కోయల రాయి, మూడు వేల ఏళ్ల నాటి రాయి ఒకే సంప్రదాయానికి చెందినవని అనేయడం తొందరపాటు. జానంపేట కట్టినవాళ్ల మనసును ఊహించడానికి కోయ పెద్దల మాట మ్యూజియం పలక కంటే మంచి దారి అని మాత్రం అనగలను. వాళ్లను అడిగి రాసిపెట్టే పని ఇప్పటికైనా జరగాలి.

బండలను ఎలా కదిపారన్న ప్రశ్నకు 2017లో సిద్దిపేట జిల్లాలో కొంత జవాబు దొరికింది. తెలంగాణ పురావస్తు శాఖ పుల్లూరులోనూ నర్మెటలోనూ సమాధులను తవ్వింది. నర్మెట సమాధి మూతబండ పొడవు ఆరున్నర మీటర్లకు పైగా, వెడల్పు దాదాపు నాలుగు మీటర్లు, బరువు నలభై టన్నులకు పైన. దాన్ని లేపడానికి శాఖవారికి భారీ క్రేను కావలసి వచ్చింది. గ్రానైటు బండ పొరలు పొరలుగా విడుతుంది. మంట పెట్టి వేడెక్కించి నీళ్లు చల్లితే పొర లేస్తుంది. వడ్డెర పనివాళ్లు నిన్నమొన్నటిదాకా ఇలాగే పలకలు తీశారు. తీసిన పలకను దుంగల మీద, మోకులతో, వందమందికి పైగా కలిసి లాగి ఉండాలి. ఆ వందమందికి ఆ రోజుల్లో తిండి పెట్టగలిగిన ఇల్లు ఏదో ఉంది. ఆ ఇంటి మనిషి కోసమే ఆ బండ. పక్కనే చిన్న రాళ్ల వలయాలు, పెట్టె లేని గోతులు కూడా ఉన్నాయంటే అందరికీ ఈ గౌరవం దక్కలేదు. ఊళ్లో పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు అన్న తేడా కనీసం ఈ కాలం నుంచీ ఉందనడానికి నర్మెట బండే సాక్ష్యం.

నారాయణపేట జిల్లా ముడుమాల్ విషయానికొస్తే, కృష్ణ ఒడ్డున సుమారు ఎనభై ఎకరాల్లో పన్నెండు పద్నాలుగు అడుగుల నిలువురాళ్లు పదుల సంఖ్యలో, వరసలుగా పేర్చిన చిన్న రాళ్లు వేలల్లో ఉన్నాయి. జనం నిలురాళ్లంటారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు, ఆ కొలుపే దాన్ని కాపాడింది. ఇక్కడ ఒక బండ మీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలానికి సరిపోతాయని, రాళ్ల వరసలు సూర్యుడి గమనానికి తగ్గట్టు నిలిపారని కె.పి. రావు ప్రతిపాదించారు. గుంటల అమరిక ఆ నక్షత్రాలకు దగ్గరగా ఉందన్నది కంటికి కనబడుతుంది. అన్ని రాళ్లూ ఖగోళ పరికరమన్న వార్తాపత్రికల శీర్షిక మాత్రం సాక్ష్యాన్ని మించిపోయింది. వేల రాళ్లున్న చోట ఏదో రెండింటిని కలిపితే ఏదో ఒక రోజు సూర్యోదయం వైపు గీత దొరుకుతుంది. ప్రతి రాయినీ పటం మీద పెట్టి, యాదృచ్ఛికంగా ఎన్ని గీతలు వస్తాయో లెక్కగట్టాకే నమ్మాలి. 2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఆ లెక్క చేయించడానికి ఇదే సమయం.

చావు గురించి వాళ్లు ఏమనుకున్నారో చెప్పే తెలుగు రాత ఏదీ ఆ కాలానిది లేదు. తమిళంలో కొంత దొరుకుతుంది. భర్త పోయిన స్త్రీ, కుండను తనకూ చోటుండేంత పెద్దదిగా చేయమని కుమ్మరిని వేడుకునే పద్యం సంగం కవితల సంకలనమైన పురనానూరులో ఉంది. మణిమేకలై కావ్యంలో దహనం, పారవేత, గొయ్యి, రాతిపెట్టె, కుండ అన్న ఐదు రకాల శవసంస్కారాల ప్రస్తావన ఉంది. 1946లో కె.ఆర్. శ్రీనివాసన్ ఈ సాహిత్యాన్ని తవ్వకాలతో కలిపి చదివారు. ఆంధ్ర దేశంలో ఆ తంతు ఎటు పోయిందో చెప్పే సూచన అమరావతిలో దొరికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ మహాస్తూపం పరిసరాల్లో తవ్వినప్పుడు కుండల్లో ఎముకలున్న పాతకాలపు సమాధులు బయటపడ్డాయి. ఎముకలను ఏరి, దాచి, మీద దిబ్బ పోసి, చుట్టూ రాతి వలయం కట్టే అలవాటున్న జనానికి స్తూపం పూర్తిగా పరాయిదిగా కనిపించి ఉండదు. ఆంధ్రదేశంలో బౌద్ధం అంత గట్టిగా నాటుకోవడానికి ఇది కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. బౌద్ధ కళ మీద రాసిన మన పండితులు ఈ నేపథ్యాన్ని ఎక్కువగా పట్టించుకోలేదు.

పోగొట్టుకున్నది చాలా ఉంది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో, అలాగే ఏలేశ్వరంలో హడావిడిగా తవ్వి తీసినంత తీశారు, మిగిలిన లోయ నీళ్ల కింద ఉంది. అక్కడ కనీసం తవ్వకం జరిగింది, నివేదిక మిగిలింది. ఇప్పుడు గ్రానైటు క్వారీలు, వెంచర్లు, రోడ్లు మింగేస్తున్న వలయాలకు ఒక ఫొటో కూడా మిగలడం లేదు. జేసీబీ ఒక పూటలో చదును చేసేస్తుంది. గుప్తనిధుల ఆశతో తవ్వేవాళ్లు సగం విరగ్గొట్టి పోతారు. ఆ సమాధుల్లో ఉండేది ప్రధానంగా ఇనుము, మట్టి, ఎముక. ఇది ఊరూరా దండోరా వేసి చెప్పాలి.

పాత పద్ధతిలో ఇంకొక పెద్ద సమాధిని తెరిచి వార్త చేయడం వల్ల ఇప్పుడు ఒరిగేది తక్కువ. ఉన్న వలయాలన్నిటినీ గ్రామాల వారీగా సర్వే నంబరుతో సహా నమోదు చేయాలి, ఆ నమోదు రెవెన్యూ రికార్డులో ఎక్కాలి. తవ్వితే ఊరూ చెరువూ కలిపి తవ్వాలి. తవ్విన శాఖ రెండు మూడేళ్లలో పూర్తి నివేదిక అచ్చువేయాలి, తెలుగులో కూడా వేయాలి. ఎముకలనూ మట్టినీ పరీక్షలకు పంపి వచ్చిన ఫలితాన్ని దాచకుండా చెప్పాలి. పురావస్తు శాఖల సిబ్బందితో మాత్రమే ఇది అయ్యే పని కాదు. కొన్నేళ్లుగా కొత్త స్థలాలను వెతికి చెబుతున్నవాళ్లలో బడి పంతుళ్లు, ఔత్సాహిక చరిత్ర బృందాల యువకులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక గుర్తింపు కార్డూ, నమోదు చేసే ఒక తీరైన పత్రమూ ఇస్తే రాష్ట్రం పటం కొద్ది కాలంలో తయారవుతుంది.

ఈ వ్యాసం చదువుతున్న మీ పొలంలోనో, మీ ఊరి గుట్ట మీదో ఇలాంటి రాళ్ల వలయం ఉంటే దాన్ని కదపకండి. ఫొటో తీయండి, ఊరి పేరు, సర్వే నంబరు రాసి జిల్లా కలెక్టరుకూ పురావస్తు శాఖకూ పంపండి. భూమిలో దొరికిన విలువైన వస్తువు పది రూపాయలకు మించినదైతే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది, అది ఇప్పటికీ అమల్లో ఉంది.